ముగ్గు లేని వాకిలి – తొమ్మిదో భాగం

“కోసినాక ఆ చెయ్యి మొత్తానికే పడిపోతే?”

లోకేశ్వరి ఆ మాట పైకే అనేసింది. వంటింట్లో వినడానికి ఎవరూ లేరు. పొయ్యి మీద పాలు ఇంకా పొంగలేదు, వీధి కుళాయికి నీళ్ళు ఇంకా రాలేదు, జరగరానిదేదీ ఇంకా జరగలేదు. అయినా ముందే అనేసుకోవడం ఆమెకు అలవాటు. రాబోయే చెడ్డను ముందుగా పేరు పెట్టి పిలిస్తే అది సిగ్గుపడి వెనక్కి పోతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఒకసారి ఫలించింది, పదిసార్లు ఫలించలేదు. ఆమె మాత్రం ఆ ఒక్కదాన్నే గుర్తుపెట్టుకుంది.

“ఎవురితో మాట్లాడతాండావు మా?” ముందుగదిలోంచి రూపశ్రీ అడిగింది.

“ఎవురితోనూ లేదులే.”

“దేవుడితోనా, డాక్టర్తోనా? ఇద్దురూ ఇంకా నిద్ర లేసుండరు.”

పోయిన వారం మనం ఈ ఇంటిని విడిచి వచ్చేటప్పటికి గోడ మీది క్యాలెండరులో సోమవారం చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది. పదిహేడేళ్ళ రూపశ్రీ కుడిచెయ్యి ఏడాదిగా సన్నబడుతోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ కరిగి అక్కడ గుంట పడింది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందేమో, సోమవారం కోసి వదులు చేద్దామన్నాడు ఎముకల డాక్టరు. అంతకు ముందే లోకేశ్వరి పిల్లను ఎముకల కట్లకు పేరుపడ్డ పుత్తూరు తీసుకుపోయింది. అక్కడి పెద్దాయన చెయ్యి తడిమి, “ఇది ఎముక కాదు తల్లీ, నేను కట్టు కట్టను” అని పంపేశాడు. ఆమె ఊరుకోలేదు. ఇంటికొచ్చి తనే నూనె రాసి, వెదురు బద్దలు పెట్టి, పాతచీర చించి మూడు వారాలు బిగించి కట్టింది. విప్పాక చెయ్యి ఇంకా సన్నగా కనిపించింది. ఆ చేతిని చంపింది నేనే అని ఆ రోజు నుంచీ ఆమె లోపల ఒక గొంతు.

గురువారం సాయంత్రం జన్యువుల డాక్టరమ్మ వకుళ దగ్గరి నుంచి ఫోను వచ్చింది. “రూపశ్రీ రక్తం రిపోర్టు వచ్చింది. రేపు ఉదయం అమ్మానాన్నా ఇద్దరూ రండి.” ఆ మాట చెబితే భర్త ఏకాంబరం గిన్నెలో చెయ్యి కడుక్కుంటూ, “నాకు సెలవు దొరకదు, నువ్వు పో” అన్నాడు. తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళిపోయాడు కూడా.

పాలు దించి లోకేశ్వరి ముందుగదిలోకి వచ్చింది. రూపశ్రీ చొక్కా పైగుండీతో కుస్తీ పడుతోంది. లోకేశ్వరి వంగి గుండీ పెట్టింది. తల ఎత్తకూడదని అనుకుంటూనే ఎత్తింది. తలుపు పైన అత్త భారతమ్మ పటం.

అత్త పోయి మూడేళ్ళు. పటంలో ఆమె కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ కొంగు కింద దాచుకుని ఉంటుంది. మొదటి ఏడాది పటం గోడకు ఆనుకుని బుద్ధిగానే ఉండింది. రెండేళ్ళుగా దాని పైఅంచు గోడను వదిలి ముందుకు వంగింది. కింద నడిచేవాళ్ళ నడినెత్తిని చూస్తున్నట్టు. లోకేశ్వరి చీపురుకర్రతో వెనక్కి నెట్టేది. సాయంత్రానికి అత్త మళ్ళీ వంగేది. ఆ పటాన్ని చేత్తో ముట్టే ధైర్యం ఆమెకు లేదు. తద్దినం నాడు స్టూలెక్కి దించేదీ, మళ్ళీ తగిలించేదీ ఏకాంబరమే.

అత్త ఎందుకు వంగి చూస్తోందో తనకు తెలుసని లోకేశ్వరి అనుకుంటోంది. పెళ్ళయి ఈ ఇంట్లో కాలు పెట్టినప్పుడు అత్త చెప్పిన కట్టుబాటు ఒకటుంది. “మనింట్లో ధనుర్మాసం నెలంతా ఆడోళ్ళు ముగ్గుపిండి ముట్టకూడదు. వాకిలి బోసిగానే ఉండాల. గంగమ్మ ఆన. తప్పితే సేతులు పోతాయి.” వీధి వీధంతా తెల్లారేసరికి ముగ్గులతో తెల్లబడే నెలలో, వీళ్ళ వాకిట్లో వట్టి కళ్ళాపి తడి. పద్దెనిమిదేళ్ళు లోకేశ్వరి ఆ మాట దాటలేదు. పోయిన ఏడాది రూపశ్రీ ఏడ్చి, అలిగి, అన్నం మానేసి ముగ్గు వేసింది. లోకేశ్వరి వద్దనలేకపోయింది. పదో రోజున పిల్ల వేళ్ళ సందులోంచి గీత తెగిపోయింది. పిండి సన్నని ధారగా రావడం మాని ముద్దముద్దగా రాలింది.

తప్పితే సేతులు పోతాయి.

ఈ మాట ఆమె ఏ డాక్టరుకూ చెప్పలేదు.

* * *

డాక్టర్ వకుళ వయసులో చిన్నది. నుదుట సన్నని ఎర్ర శ్రీచూర్ణం గీత, మెడలో తులసిపూస. ఆ గీత చూస్తే లోకేశ్వరికి కొంచెం ధైర్యం వచ్చింది. ఈమె దేవుడికి భయపడే మనిషి, అబద్ధం చెప్పదు.

“నాన్నగారు రాలేదా?”

“సెలవు దొరకలేదమ్మా. ఎప్పుడూ దొరకదు ఆయనకి.”

వకుళ ముందుగా లోకేశ్వరి చేతులు రెండూ తిప్పి చూసింది. వేళ్ళు చాపమంది, బొటనవేలిని నొక్కి చూసింది. “మీ చేతులు బాగున్నాయి” అంది. అంతకు మించిన శిక్ష లేనట్టు లోకేశ్వరి తల వంచుకుంది.

“రూపా, చలిగా ఉన్నప్పుడు వేళ్ళు కొంకర్లు పోతాయా?”

“పోతాయి మేడమ్. పొద్దున్నే సన్నీళ్ళు ముట్టితే అయిపాయె. కోడికాలు మాదిరి ముడుసుకుంటాయి.”

వకుళ ఏదో రాసుకుంది. ఆ మాట లోకేశ్వరి మనసులో ఎక్కడో తగులుకుంది. పొద్దున్నే, చలికి, సన్నీళ్ళు. కానీ అదేమిటో అప్పుడే ఆమెకు అందలేదు.

“దీని పేరు కొంచెం పెద్దది” అంటూ వకుళ కాగితం తిప్పింది. “గ్లైసిల్ టీఆర్ఎన్ఏ సింథటేజ్.”

“ఏం పేరమ్మా అది, పలికేలోపల జబ్బు ముదిరిపోతాదే!” అని రూపశ్రీ నవ్వింది. లోకేశ్వరి నవ్వలేదు. అంత పొడుగు పేరున్నది అంత పెద్ద కీడే అయి ఉంటుంది.

“జబ్బు పేరు కాదమ్మా, ఒక ఎంజైమ్ పేరు. అందరి ఒంట్లోనూ ఉంటుంది, నాలోనూ ఉంది. అది లేకపోతే ఎవరూ బతకరు. మీ వారు ఏం పని చేస్తారు?”

“అలిపిరి కాడ సామాన్ల కౌంటర్లో. నడిసి పొయ్యే భక్తులు సంచులిస్తారు గదా, వాటికి పేరు రాసిన సీటీలు కడతాడు. సంచి బండిలో కొండకి పోతాది. పైన సీటీ సూపించి తీసుకుంటారు.”

వకుళ పెన్ను కింద పెట్టింది. “అయితే నేను చెప్పబోయేది మీకు సగం తెలుసు. ఒంట్లో ప్రతి కణంలోనూ మాంసకృత్తులు తయారవుతూ ఉంటాయి. వాటికి ఇరవై రకాల ముక్కలు కావాలి. ఆ ముక్కలు తమంతట తాము నడిచి పోలేవు. మోసుకుపోయే చిన్న బండ్లు ఉంటాయి, వాటిని టీఆర్ఎన్ఏలు అంటాం. ఏ బండికి ఏ ముక్క ఎక్కించాలో చూసి, పట్టుకుని, తగిలించి పంపే మనిషి ఉండాలి కదా. ఆ పని చేసేది సింథటేజ్. ఒక్కో ముక్కకు ఒక్కో మనిషి. ఇది గ్లైసీన్ అనే ముక్కది. ఇరవైలోనూ అదే అన్నిటికన్నా చిన్నది.”

“అయితే మా పాపలో అది తప్పు సంచికి తప్పు సీటీ కడతాండాదా?”

“అందరికీ మొదట తోచేది అదే. కానీ చాలామందిలో అది చీటీ బాగానే కడుతుంది.” వకుళ కాగితం మీద రెండు ఒకేలాంటి బొమ్మలు గీసింది, వీపులు ఆనించి కూర్చున్న ఇద్దరు కవలల్లాగా. “ఇది ఒంటరిగా పని చెయ్యదు. ఇలా రెండు ఒకదాన్నొకటి పట్టుకుంటేనే పని. ఒక్కోదాంట్లో ఇక్కడ చిన్న గూడు ఉంటుంది, గ్లైసీన్ వచ్చి అందులో కూర్చుంటుంది. ఈ పక్కన బండి తోకను పట్టి, ఇది నా బండేనా అని తడిమి చూసే భాగం. మీ అమ్మాయి జన్యువులో ఒక్క అక్షరం మారింది. అలా మారినప్పుడు కొందరిలో దీని ఆకారం కొంచెం విచ్చుకుంటుంది. లోపల మడిచి ఉండాల్సిన భాగం బయటికొచ్చి, నరాల దగ్గర తనకు సంబంధం లేనివాటిని పట్టుకుని వదలదు. అందరూ చెప్పే కారణాల్లో ఇది ఒకటి. పూర్తిగా తెలిసినవాళ్ళు ఇంకా ఎవరూ లేరు.”

“ఒళ్ళంతా ఉండేదైతే సేతికే ఎందుకమ్మా?”

“కాలవ మొదట్లో ఉన్న పొలానికి నీళ్ళు తక్కువైనా పారతాయి. చివరి మడి ఎండుతుంది. చేతులకూ కాళ్ళకూ పోయే నరాలు అన్నిటికన్నా పొడుగు.”

చివరి మడి. లోకేశ్వరి పుట్టిల్లు చిత్తూరు పక్కన పల్లె. చెరువు నీళ్ళు అందని చివరి మడి వాళ్ళ నాయనదే. ఆమెకు అర్థమైంది, అనుకున్నదానికంటే ఎక్కువే.

“కట్టు కట్టినందుకు వచ్చింది కాదా?” అడిగింది లోకేశ్వరి.

“ఏ కట్టు?”

చెప్పింది. వెదురు బద్దలు, చీర, మూడు వారాలు. వకుళ ముఖం కఠినమైంది, తర్వాత మెత్తబడింది. “అలా కట్టకుండా ఉండాల్సింది. కానీ ఇది ఆ కట్టు వల్ల రాలేదు. ఈ అక్షరం అమ్మాయి పుట్టకముందు నుంచే ఉంది.”

ఒక పాపం తీసేస్తే ఆ చోటికి ఇంకోటి వచ్చి కూర్చుంటుందని లోకేశ్వరికి తెలుసు.

“చిక్కు ఏమిటంటే, సరిగ్గా ఈ అక్షరం మారిన మనిషి గురించి ఇంతవరకూ ఎక్కడా రాసి లేదు. ఇది జబ్బు తెచ్చే మార్పో, ఊరికే ఉన్న మార్పో కాగితం చెప్పడం లేదు. మనుషులే చెప్పాలి. ఇది ఒక్కరి నుంచి వచ్చినా చాలు. తల్లి నుంచి కావచ్చు, తండ్రి నుంచి కావచ్చు, అరుదుగా ఎవరి నుంచీ కాకుండా కొత్తగానూ రావచ్చు. మీ ఇంట్లో ఇంకెవరికైనా చేతులు ఇలా సన్నబడ్డాయా?”

కొంగు కింద రెండు చేతులు. అన్నం ముద్ద పట్టలేక చెంచాను గుడ్డతో వేళ్ళకు కట్టించుకున్న చేతులు. వాతమమ్మే, వయసైతే అందరికీ వచ్చేదే అనేది అత్త.

“లేదమ్మా” అంది లోకేశ్వరి.

రూపశ్రీ తల్లి వైపు తిరిగి చూసింది.

“బాగా ఆలోచించండి. ఈ అక్షరం వల్లే అని తేలితే సోమవారం కోత అవసరం లేదు, కోసినా చెయ్యి రాదు. కాదని తేలితే, నరం నిజంగానే నొక్కుకుపోయి ఉంటే, ఆలస్యం చెయ్యకూడదు. ఏమీ తెలియకుండా ఆపమని నేను ఎముకల డాక్టరుకు చెప్పలేను. నాన్నగారి రక్తం ఫలితం రావడానికి వారాలు పడుతుంది. కనీసం ఆయన చేతులు నన్ను చూడనివ్వండి. రేపు శనివారం, మధ్యాహ్నం దాకా ఉంటాను.”

ఆటోలో రూపశ్రీ అంది, “అవ్వకి సేతులు అట్లనే ఉండేవి గదా మా. ఎందుకు లేదంటివి?”

“అది వాతం.”

“వాతమని ఎవురు సెప్పినారు? అవ్వే గదా సెప్పింది.”

“నోరు మూసుకో. రేపు నీకు పెండ్లి కావద్దా? ఇంట్లో అందరికీ ఉండాదంటే ఎవురొస్తారు?”

“సెయ్యి పోతాంటే పెండ్లేంది మా! నీకు భయం ఉద్యోగం మాదిరి అయిపాయె. ఒక్కనాడు కూడా సెలవు పెట్టవు.”

* * *

సందు మొదట్లో నాగులమ్మ పూలు కడుతూ కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి. పొద్దున పూట తిరుచానూరు గుడి ముందర పూలమ్మి, మధ్యాహ్నం ఇంటి అరుగు మీద సాయంత్రం మూరలు కడుతుంది. ఆమె బొటనవేలు దారాన్ని మెలిపెట్టే వేగం చూస్తే లోకేశ్వరికి ఈమధ్య ఏడుపు వస్తోంది.

రూపశ్రీని ఇంట్లోకి పంపి ఆమె అరుగు మీద కూలబడింది. ఎవరితోనూ అనని మాట ఆ ముసలామె దగ్గర బయటపడింది.

“అవ్వా, పోయినేడు ముగ్గు వేసినందుకే గంగమ్మ నా బిడ్డ సెయ్యి తీసుకునింది. మాయత్త సెప్పనే సెప్పింది. నేనే దాటినాను.”

“ఏం సెప్పింది మీయత్త?”

“ధనుర్మాసంలో ముగ్గు ముట్టకూడదని. ఈ ఇంటి కట్టుబాటు గదా, తరాల నుంచి.”

నాగులమ్మ దారం ఆపింది. “ఏ తరాల నుంచమ్మే? మీయత్త ధనుర్మాసంలో ముగ్గేస్తే పక్కవీధోళ్ళు వచ్చి సూసిపొయ్యేవోళ్ళు. నెలకి ముప్పై ముగ్గులు, ఏసింది మళ్ళీ ఏసేది కాదు. నేను పోటీకి పోయి పోయి ఓడిపోయినా.”

లోకేశ్వరికి వీధి దూరంగా జరిగినట్టయింది. “నువ్వు ఇంకెవురి గురించో సెప్తాండావు.”

“నాకు మతి పోలా. భారతి గురించే సెప్తాండా. తర్వాత ఒక ఏడు సలికి ఆమెకి సేతులు కొంకర్లు పోయినాయి. ముగ్గుగిన్నె పట్టుకోలేక జారిడిసింది, పిండంతా నీళ్ళల్లో పాలైపోయింది. మీ ఆయన పక్కనే నిలబడి కళ్ళాపి సల్లతాండినాడు, అప్పుటికే మీసాలొచ్చిన పిలగోడు. తల్లి సేతులు రెండూ తన సంకలో పెట్టుకుని కాసినాడు, ఇప్పుటికీ నా కండ్ల ముందర ఉండాది. ఆ పొద్దు నుంచి వాకిలి బోసి. మర్సటేడు నువ్వు కోడలుగా వస్తివి.”

“గంగమ్మ ఆన...?”

“గంగమ్మని ఎందుకు తిడతావమ్మే పాపం, ఆమెకేం తెల్సు.” నాగులమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచి లోపలికి పోయి, ఇత్తడి గిన్నె ఒకటి తెచ్చింది. అంచు ఒక పక్క సొట్ట. “ఇదే. ఇంక నాతో కాదు, నువ్వు పెట్టుకో అని నాకిచ్చింది. పసుపు నానేసుకుంటాండా.”

గిన్నె అడుగున భా అని చుక్కలతో కొట్టిన అక్షరం.

“ఇన్నేండ్లు నాకెందుకు సెప్పలేదవ్వా?”

“నువ్వెప్పుడు అడిగినావు? వానొస్తాదా, దొంగలొస్తారా, జరం తగ్గుతాదా, ఇంతే గదా నీ అడుగుడు.”

పొద్దున్నే, చలికి, సన్నీళ్ళు. డాక్టరమ్మ గదిలో మనసుకు తగులుకున్నది ఇప్పుడు పైకి తేలింది. కట్టుబాటు తప్పినందుకు చేతులు పోలేదు. చేతులు పోయినందుకు అత్త కట్టుబాటు పెట్టింది. కొత్తకోడలు చూడకుండా, కోడలి పుట్టింటివాళ్ళు వినకుండా, గంగమ్మ కొంగు కింద దాచింది.

ఏకాంబరం చూశాడు. ఏకాంబరానికి తెలుసు.

ఆ మాట అనుకోగానే చిన్నచిన్నవన్నీ ఒక్కసారిగా లేచి వచ్చాయి. ఊరగాయ సీసా తెచ్చి, ‘నీ బలమెంతో సూద్దాం’ అని ఆమె చేతికిచ్చేవాడు. తాళంచెవిని రెండు చేతులతో తిప్పేవాడు. గుండీల చొక్కాలు మానేసి మెడలోంచి తొడుక్కునేవి కొనుక్కున్నాడు, ‘ఇదే ఇప్పుడు ఫ్యాషను’ అని. రెండేళ్ళ కిందట సూళ్లూరుపేటలో ఫ్యాక్టరీ ఉద్యోగం ఉందని రెండు రోజులు పోయి, తిరిగొచ్చి వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఉద్యోగం రానందుకని ఆమె దిష్టి తీసింది.

గిన్నెను గుడ్డసంచిలో వేసుకుని ఆమె అలిపిరి బస్సెక్కింది.

* * *

మధ్యాహ్నం మూడు గంటలకు సామాన్ల కౌంటరు ముందు వరస పొడుగ్గా ఉంది. తమిళం, కన్నడం, చంటిపిల్లల ఏడుపులు, మధ్యలో ఎవరో అనగానే అందరూ అందుకునే గోవిందా. లోకేశ్వరి భార్యలాగా పక్కనుంచి పోలేదు. భక్తురాలిలాగా వరసలో నిలబడింది. ఆయన తనను చూడకముందు తను ఆయన్ను చూడాలి.

ఏకాంబరం బల్ల వెనుక కూర్చుని ఉన్నాడు. పక్కన తోటి ఉద్యోగి దామోదరం పేరు రాసి చీటీ చింపుతున్నాడు, ఏకాంబరం సంచికి కడుతున్నాడు. దూరం నుంచి చూస్తే అందరిలాంటి పనే. నాలుగు అడుగులు ముందుకు జరిగాక ఆమెకు కనిపించింది. ఆయన దారాన్ని బొటనవేలితో పట్టడం లేదు. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య కత్తెరలాగా ఇరికించి, ముడి దూర్చి, తల వంచి పళ్ళతో లాగి బిగిస్తున్నాడు. ఒక సంచి. ఇంకో సంచి. తల వంచిన ప్రతిసారీ దణ్ణం పెడుతున్నట్టు ఉంది. ముందున్న తమిళ ముసలాయన నిజంగానే తిరిగి దణ్ణం పెట్టాడు.

ఆమె వంతు వచ్చింది. దామోదరం నీళ్ళు తాగడానికి లేచాడు. ఏకాంబరం తల ఎత్తకుండానే చీటీల కట్ట తన ముందుకు లాక్కున్నాడు.

“సంచిలో ఏముండాది?”

“ముగ్గుగిన్నె.”

“పేరు?”

“భారతమ్మ.”

దారం ఆగింది. ఆయన తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది. ఆ ముఖంలో ఉన్న భయం ఆమెను చూసి వచ్చింది కాదు. ఆమె వెనుక ఇంకెవరో నిలబడి ఉన్నట్టు ఆయన చూపు ఆమె భుజం మీదుగా పోయింది. తిరిగి చూడాలని ఉన్నా లోకేశ్వరి చూడలేదు.

“నువ్వా... ఈడికెందుకొస్తివి? పాపకేమన్నా అయిందా?”

“సెయ్యి సూపించు, రూప నాయనా.”

ఆయన చెయ్యి బల్ల కిందికి పోయింది. సరిగ్గా పటంలో ఉన్నట్టే.

“ఏమప్పా, దేవుడే అంతసేపు నిలబెట్టడే!” వరసలోంచి ఒకడు అరిచాడు. దామోదరం పరుగున వచ్చాడు. “ఏమైంది వదినా? నువ్వు లేసి పోన్నా, నేను కడతాలే. ఎట్లాగూ ఈ రెండేండ్లు సగం నేనే కడ్తి గదా” అన్నాడు. అన్న తర్వాత అనకూడనిది అన్నట్టు నాలుక కరుచుకున్నాడు.

అంటే ఇక్కడా తెలుసు. అందరికీ తెలుసు, ఆమెకు తప్ప.

కౌంటరు పక్కన ఎండ పడని గోడ ఉంది. ఇద్దరూ దానికి ఆనుకుని కూర్చున్నారు. లోకేశ్వరి గిన్నె తీసి మధ్యలో పెట్టింది. తిట్టాలని వచ్చింది, తిట్టు రాలేదు. డాక్టరమ్మ చెప్పిందంతా తనకు చేతనైనట్టు చెప్పింది. వీపులానించి కూర్చునే ఇద్దరు కవలలు, చిన్న గూడు, చివరి మడి, ఒక్క అక్షరం.

“ఆ సీటీ కట్టే పని లోపల కూడా ఒకటుండాదంట. నువ్వు బయట సేసే పనే. ఒక్కరి కాడ నుంచి వచ్చినా సాలంట. నా సేతులు బాగుండాయంట.” ఆమె తన చేతులు రెండూ చాపి చూపింది. “నేను నిన్నేమీ అనను. ఉద్యోగం పోతాదని దాసినావో, అమ్మ పరువని దాసినావో, నాకొద్దు. నన్ను ఏడాదిగా గంగమ్మకి క్షమాపణలు సెప్పుకోనిచ్చినావు సూడు, అది గూడా అనను. సోమవారం నా బిడ్డ సెయ్యి కోస్తారు. కొయ్యాల్నా వద్దా సెప్పేదానికి భూమ్మీద నువ్వొక్కడివే ఉండావు. రేపు డాక్టరమ్మ కాడికి రా. సేతులు సూపించు. అంతే.”

ఏకాంబరం కళ్ళు గిన్నె అంచు సొట్ట మీదే ఉన్నాయి.

ఆమె ఆయన కుడిచెయ్యి లాగి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు, విడిపించుకునే బలం ఆ చేతికి లేదు. బొటనవేలి పక్కన తడిమింది. అదే గుంట, పొద్దున రూపశ్రీకి గుండీ పెడుతూ చూసినదే. అత్తకు చెంచా కట్టిన రోజుల్లో గుడ్డ కింద తగిలినదే. మూడు చేతులూ ఒకే చెయ్యిగా ఆమె ఒళ్ళో పడి ఉన్నాయి. చల్లగా.

సంచుల బండి నిండింది. తలుపు గొళ్ళెం వేసిన చప్పుడు. బండి కొండ దారి పట్టింది. మెట్ల వైపు నుంచి గోవిందా అని ఒక గుంపు అరిచింది, తర్వాత ఇంకో గుంపు. గోడ నీడ వాళ్ళ కాళ్ళ మీద నుంచి గిన్నె మీదికి, గిన్నె మీద నుంచి అవతలికి జరిగింది. దామోదరం రెండుసార్లు తొంగి చూసి వెనక్కి పోయాడు. ఆమె జీవితంలో మొదటిసారి రాబోయే చెడ్డను పేరు పెట్టి పిలవలేదు. పిలవడానికి పేరు దొరకలేదు.

ఆయన పెదవి కదిలి ఆగింది. మళ్ళీ కదిలింది.

“నేనిచ్చినాను లోకా” అన్నాడు ఏకాంబరం, గిన్నె వైపు చూస్తూ. “రక్తం. రెండేండ్ల కిందనే ఇచ్చినాను. సూళ్లూరుపేట అని సెప్పి వేలూరు ఆస్పత్రికి పోయినాను. మందమైన కవరొకటి ఇచ్చినారు. నా పేరుండాది దాని మీద. ఇంతవరకూ విప్పేదానికి నాకు ధైర్యం సాల్లేదు.”

ఆమె ఎక్కడుందని అడగలేదు. అడక్కముందే ఆయన చెప్పాడు.

“అమ్మ పటం వెనకాల ఉండాది.”